ఎన్‌క్లెక్స్: ఐసీయూలో పనిచేస్తున్నా ప్రాక్టీస్ టెస్టుల్లో సగం దాటట్లేదు. కోర్ సబ్జెక్టు ఎలా తిరగేయాలి?

ఐసీయూ_నైట్‌షిఫ్ట్
హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మెడికల్ ఐసీయూ స్టాఫ్ నర్సుని, బీఎస్సీ. అమెరికాలో నర్సు లైసెన్సుకి రాసే ఎన్‌క్లెక్స్ ఆర్ఎన్ (రిజిస్టర్డ్ నర్సు) పరీక్షకి ఏటీటీ, అంటే రాయడానికి అనుమతి, వచ్చేసింది, ఇక్కడే హైదరాబాద్ సెంటర్‌లో డేట్ తీసుకున్నా. వెంటిలేటర్లు, ఆర్టీరియల్ లైన్లు, నార్ అడ్రినలిన్ ఇన్‌ఫ్యూజన్లు అన్నీ రోజూ చేసే పనే. అయినా క్వశ్చన్ బ్యాంకులో సగం మార్కులు దాటట్లేదు. విచిత్రం ఏమిటంటే తప్పు పోతున్నవి తెలియని జబ్బులు కావు. డీకేఏ (షుగర్ పేషెంట్ రక్తంలో ఆసిడ్ పెరిగిపోవడం), జీఐ బ్లీడ్ (కడుపు, పేగుల్లో రక్తస్రావం), హార్ట్ ఫెయిల్యూర్, మా బెడ్ల మీద ఎప్పుడూ ఉండేవే. నాలుగు ఆప్షన్లలో రెండు ఇట్టే కొట్టేస్తా, మిగిలిన రెండింట్లో సరిగ్గా తప్పుదాన్నే పట్టుకుంటా.

డ్యూటీ చేసి వచ్చాక రెండు గంటలకి మించి కూర్చోలేను. పుస్తకం మళ్ళీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాలా, ప్రశ్నలే చేసుకుంటూ పోవాలా? ఫీజులన్నీ కట్టేశాను కాబట్టి టెన్షన్ మామూలుగా లేదు.

గుంటూరు_మిర్చి
పుస్తకం మూసెయ్. ప్రశ్నలే చెయ్. రోజుకి 75. అంతే.

వరంగల్_పిల్ల
మిర్చి అన్న ప్రతి థ్రెడ్‌లో ఇదే కాపీ పేస్ట్ చేస్తాడు 😄

గుంటూరు_మిర్చి
పనిచేసే మందు మార్చకూడదు.

ట్యూటర్_మేడమ్
75 చేసి, తప్పు పోయినదాని వివరణ చదవకుండా మర్నాడు ఇంకో 75 చేసేవాళ్ళని కాలేజీలో చూస్తూనే ఉన్నాను. నెల తర్వాత కూడా మార్కులు అక్కడే ఉంటాయి. 30 చేయండి. ఒక్కో ప్రశ్నకి సరైన ఆప్షన్ ఎందుకు సరైనదో, మిగతా మూడూ ఎందుకు కావో నోటితో చెప్పగలిగేదాకా కదలకండి.

నైట్‌షిఫ్ట్, ఈమధ్య తప్పు పోయిన ప్రశ్న ఒకటి ఇక్కడ పెట్టు. ప్రశ్న చూడకుండా సలహా ఇవ్వడం అంటే పేషెంట్‌ని చూడకుండా మందు రాయడమే.

ఐసీయూ_నైట్‌షిఫ్ట్
మేడమ్, ఇదీ ప్రశ్న. రక్తం ఎక్కిస్తున్న పది నిమిషాలకి పేషెంట్‌కి చలి, వణుకు, నడుం నొప్పి. నర్సు ముందుగా చేయాల్సింది ఏమిటి? డాక్టర్‌కి తెలియజేయడం, ట్రాన్స్‌ఫ్యూజన్ ఆపడం, వైటల్స్ చూడడం, ఆర్డర్ ప్రకారం యాంటీ హిస్టమిన్ ఇవ్వడం. నేను డాక్టర్‌కి చెప్పడం పెట్టా. ఆపాలని నాకు తెలియక కాదు. ఆపడం ఎలాగూ చేస్తాం కదా, ముఖ్యమైనది చెప్పడమే అనుకున్నా.

డాలస్_అక్క
దొరికింది. నీకు సబ్జెక్టు లోటు లేదు చెల్లీ.

మన వార్డుల్లో అలవాటు గుర్తుచేసుకో. పేషెంట్ వణకగానే డ్రిప్ స్లో చేస్తాం. ఒక చేత్తో దుప్పటి కప్పుతూ ఇంకో చేత్తో డ్యూటీ డాక్టర్‌కి ఫోన్. ఆయన ‘అవిల్, హైడ్రోకార్ట్ ఇవ్వండి, వస్తున్నా’ అంటాడు. ఈలోగా ఆ రక్తం చుక్కచుక్కగా లోపలికి పోతూనే ఉంటుంది. నడుం నొప్పి అంటే హీమోలైటిక్ రియాక్షన్ (ఎక్కించిన రక్తకణాలు పగిలిపోవడం) అనుమానించాల్సిందే. పోయే ప్రతి మిల్లీలీటరూ కిడ్నీకి దెబ్బే.

ఎన్‌క్లెక్స్ అడిగేది, బెడ్ పక్కన నువ్వు ఒక్కదానివే ఉన్నావు, మొదటి అర నిమిషంలో నీ చెయ్యి ఎక్కడికి పోతుంది అని. క్లాంప్ మీదకి పోవాలి. ఆపాక ఆ ట్యూబింగ్ మొత్తం తీసేసి కొత్త సెట్‌తో నార్మల్ సలైన్. పాత సెట్‌నే సలైన్‌తో ఫ్లష్ చేస్తే అందులో మిగిలిన రక్తాన్ని మనమే లోపలికి తోసినట్టు. ఆ తర్వాత వైటల్స్, డాక్టర్, బ్లడ్ బ్యాంక్. బ్యాగూ సెట్టూ పారేయకుండా వెనక్కి పంపాలి, యూరిన్ శాంపిల్ తీయాలి. ఇవన్నీ నీకు తెలుసు, వరుస ఒక్కటే మారాలి.

కడప_బ్రదర్
అక్క చెప్పింది నూటికి నూరు పాళ్ళు. మనకి కాలేజీ నుంచీ ‘ఇన్‌ఫామ్ టు డాక్టర్’ అని కేర్ ప్లాన్‌లో రాయించి రాయించి అది రక్తంలో కలిసిపోయింది.

పైగా నేను మేల్ నర్సుని. అటెండర్లు నన్నే డాక్టర్ గారూ అంటారు. అసలు డాక్టర్ మాత్రం ‘తమ్ముడూ, ఆ ఫైల్ అందుకో’ అంటాడు.

వరంగల్_పిల్ల
మమ్మల్ని అందరూ సిస్టర్ అంటారు, 60 ఏళ్ళ తాతతో సహా. నీకు ప్రమోషన్ వచ్చినట్టే అన్నా.

గుంటూరు_మిర్చి
అంటే డాక్టర్‌కి చెప్పడం అనే ఆప్షన్ కనిపిస్తే కొట్టేయడమేనా? కోచింగ్‌లో మాకు అదే చెప్పారు.

ట్యూటర్_మేడమ్
కాదు! ఈ చిట్కాల వల్లే పిల్లలు ఫెయిలవుతున్నారు. నర్సు స్వయంగా చేయగలిగింది ఏమైనా మిగిలి ఉంటే అది ముందు. ఏమీ మిగలకపోతే డాక్టరే సమాధానం. కాలికి కొత్తగా కట్టు వేశారు. మందు ఇచ్చినా తగ్గని నొప్పి, వేళ్ళు కదిపితే ఇంకా ఎక్కువ, తిమ్మిరి. ప్రశ్నలోనే నర్సు పల్స్ చూసింది, క్యాపిల్లరీ రీఫిల్ చూసింది అని రాసి ఉంది. ఇంకా ఏం అసెస్ చేస్తారు? అది కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ (కండరాల్లో ఒత్తిడి పెరిగి రక్తం అందకపోవడం), వెంటనే ఫోన్. అక్కడ కాలిని దిండ్ల మీద ఎత్తుగా పెట్టడం అనే ఆప్షన్ ఉంటుంది చూడండి, అది ఉచ్చు. ఎత్తితే అటు పోయే రక్తం ఇంకా తగ్గుతుంది. గుండె ఎత్తులోనే ఉంచాలి.

ఐసీయూ_నైట్‌షిఫ్ట్
సరిగ్గా ఆ ఎత్తు పెట్టడమే నేను పెట్టేదాన్ని. వాపు అనగానే ఎలివేట్ అని చెయ్యి పోతుంది.

పేరు_తర్వాత_చెప్తా
నేను నోర్‌సెట్‌కి (ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పరీక్ష) చదువుతున్నా. ఇక్కడ చెప్పేవి మాకూ పనికొస్తాయా, లేక అది వేరే లోకమా?

ట్యూటర్_మేడమ్
సబ్జెక్టు ఒకటే. పొటాషియం అక్కడా 3.5 నుంచి 5, ఇక్కడా అంతే. కానీ నోర్‌సెట్‌లో తప్పుకి మూడో వంతు మార్కు పోతుంది, నేరుగా అడిగే ప్రశ్నలు ఎక్కువ. ఎన్‌క్లెక్స్ కంప్యూటర్ నీ స్థాయిని బట్టి తర్వాతి ప్రశ్న ఇస్తుంది. వెనక్కి వెళ్ళడం కుదరదు, వదిలేసి ముందుకి పోవడమూ కుదరదు. నోర్‌సెట్‌కి చదివేవాళ్ళు ముందు ఫండమెంటల్స్, మందుల డోసులు గట్టి చేసుకోండి.

సైలెంట్_రీడర్
85 ప్రశ్నలకే ఆగిపోతే పాస్ అంటారు, నిజమేనా?

డాలస్_అక్క
85కి ఆగి ఫెయిలైనవాళ్ళూ ఉన్నారు, 150 దాకా వెళ్ళి పాసైనవాళ్ళూ ఉన్నారు. కనీసం 85, గరిష్ఠం 150, మొత్తం 5 గంటలు, బ్రేకులు కూడా అందులోనే. నువ్వు పాస్ గీతకి పైన ఉన్నావో కింద ఉన్నావో 95 శాతం నమ్మకం కుదిరాక మెషీన్ ఆపేస్తుంది. పైన అని తేలినా ఆపుతుంది, కింద అని తేలినా ఆపుతుంది. ఆ 85లో 15 అసలు మార్కులకి లెక్కలోకే రావు, కొత్త ప్రశ్నల్ని పరీక్షించడానికి కలుపుతారు. ఏవి అవో మనకి తెలియదు. కాబట్టి అర్థంకాని ప్రశ్న వచ్చిందని కూలబడిపోవద్దు.

కడప_బ్రదర్
మా ఫ్రెండ్ 86వ ప్రశ్న రాగానే ఏడుపు మొదలుపెట్టాడట. సెంటర్ మేడమ్ టిష్యూ ఇచ్చిందట. పాసయ్యాడు వెధవ.

ఐసీయూ_నైట్‌షిఫ్ట్
కేస్ స్టడీల సంగతి కూడా చెప్పండి. నాకు అవంటేనే భయం.

డాలస్_అక్క
2023 ఏప్రిల్ నుంచి వచ్చిన కొత్త పద్ధతి. మూడు కేసులు, ఒక్కోదాంట్లో ఆరు ప్రశ్నలు. నర్సు నోట్స్, వైటల్స్, ల్యాబులు ట్యాబ్‌లలో ఉంటాయి. మొదట ఏది గమనించాలి, దాని అర్థం ఏమిటి, ఏ అనుమానం ముందు, ఏం చేయొచ్చు, ఏం చేస్తావు, చేశాక మెరుగైందా. ఆరు ప్రశ్నలు ఆ ఆరు మెట్ల మీద. నిజం చెప్పాలంటే ఐసీయూ వాళ్ళకి ఇదే తేలిక. ఫ్లో చార్ట్ చదవడం నీకు రోజూ ఉన్న పనేగా. ఇంకో మంచి సంగతి, వీటిలో సగం సరిగ్గా చేసినా కొంత మార్కు వస్తుంది. ‘వర్తించేవన్నీ ఎంచుకోండి’ రకంలో మాత్రం తప్పుది టిక్ చేస్తే ఒకటి తీసేస్తారు, సున్నా కిందికి పోదు. గుడ్డిగా అన్నీ టిక్ చేయకు.

ట్యూటర్_మేడమ్
సరే, ఒక కేసు ఇక్కడే చేద్దాం. టైప్ 1 షుగర్ ఉన్న 22 ఏళ్ళ అమ్మాయి. రెండు రోజులుగా వాంతులు. గ్లూకోజ్ 520, పీహెచ్ 7.10, బైకార్బ్ 8, పొటాషియం 5.6. బీపీ 90/56, పల్స్ 124, శ్వాస లోతుగా, వేగంగా. అందరూ చెప్పండి, మొదట ఏది?

గుంటూరు_మిర్చి
ఇన్సులిన్ ఇన్‌ఫ్యూజన్. షుగర్ 520 ఉంది కదా.

వరంగల్_పిల్ల
పొటాషియం 5.6. కాల్షియం గ్లూకోనేట్?

కడప_బ్రదర్
పీహెచ్ 7.10. బైకార్బ్ కొట్టాలి.

ఐసీయూ_నైట్‌షిఫ్ట్
మా దగ్గర ముందు సలైన్ పరిగెత్తిస్తాం. 0.9 శాతం.

ట్యూటర్_మేడమ్
నైట్‌షిఫ్ట్ కరెక్ట్. ఇప్పుడు ఎందుకో చూద్దాం, ఎందుకంటే ఈ ‘ఎందుకు’ వస్తే పది ప్రశ్నలు వచ్చినట్టే.

ఆ అమ్మాయికి ఇప్పుడు ప్రాణం తీసేది షుగర్ కాదు, నీళ్ళు లేకపోవడం. గ్లూకోజ్ మూత్రంలో పోతూ నీటిని వెంట లాక్కుపోయింది. బీపీ 90, పల్స్ 124 అదే చెబుతున్నాయి. సలైన్ కంటే ముందు ఇన్సులిన్ ఇస్తే గ్లూకోజ్ కణాల్లోకి పోతుంది, దాంతో నీళ్ళూ పోతాయి, ఉన్న కాస్త బీపీ కూడా పడిపోతుంది. మిర్చీ, వింటున్నావా?

ఇక పొటాషియం. రిపోర్టులో 5.6 ఉంది కానీ ఒంట్లో మొత్తం పొటాషియం నిజానికి తక్కువే. ఇన్సులిన్ లేదు, ఆసిడోసిస్ ఉంది, కాబట్టి కణాల్లోది బయటికొచ్చి రక్తంలో తిరుగుతోంది. అందులోంచి మూత్రం దారిన, వాంతుల దారిన చాలా పోయింది. ఇన్సులిన్ మొదలుకాగానే అది తిరిగి లోపలికి పోతుంది, రెండు గంటల్లో 3కి పడిపోవచ్చు. అందుకే మానిటర్ పెడతాం, పొటాషియం మళ్ళీ మళ్ళీ చూస్తాం. మూత్రం వస్తోందని తేలాక, అది 5 దగ్గరికి దిగుతుండగానే ఫ్లూయిడ్‌లో కలపడం మొదలవుతుంది. మొదటి రిపోర్టులోనే 3.5 కంటే తక్కువ వస్తే ఇన్సులిన్ ఆపి ముందు పొటాషియం ఇస్తారు. పిల్లలు ఎక్కువగా జారేది ఇక్కడే.

బైకార్బ్ సంగతి, పీహెచ్ 7.0 కంటే తక్కువైతే తప్ప దాని జోలికి వెళ్ళరు. ఆ లోతైన శ్వాస కుస్మాల్ శ్వాస, ఊపిరితిత్తి తనంతట తాను ఆసిడ్‌ని బయటికి తోసే ప్రయత్నం. దాన్ని తగ్గించడానికి మత్తు ఇచ్చే ఆప్షన్ ఉంటే దగ్గరికి పోవద్దు.

గ్లూకోజ్ 250కి దిగాక డెక్స్‌ట్రోజ్ ఎందుకు కలుపుతారో ఎవరైనా చెప్పండి.

వరంగల్_పిల్ల
షుగర్ మరీ పడిపోకుండా.

ఐసీయూ_నైట్‌షిఫ్ట్
అదొక్కటే కాదు. కీటోన్లు ఇంకా ఉంటాయి, అవి పోవాలంటే ఇన్సులిన్ కొనసాగాలి. షుగర్ తగ్గిందని ఇన్సులిన్ ఆపేస్తే మళ్ళీ డీకేఏలోకి పోతారు. అందుకే చక్కెర ఇస్తూ ఇన్సులిన్ నడిపిస్తాం, యానయాన్ గ్యాప్ (రక్తంలో ఇంకా ఉన్న ఆసిడ్‌ని చూపే లెక్క) మూసుకునేదాకా. మా కన్సల్టెంట్ రౌండ్స్‌లో తిట్టి మరీ చెప్పారు.

డాలస్_అక్క
చూశావా, సగం మార్కులు వచ్చేవాళ్ళు రాసే జవాబా ఇది?

గుంటూరు_మిర్చి
సరే సరే. అయినా ల్యాబ్ వాల్యూలు బట్టీ పట్టకుండా ఇవన్నీ ఎలా వస్తాయి? అందుకే ఒక కాగితం మీద రాసి బాత్రూమ్ తలుపుకి అంటించమంటాను. సోడియం 135–145, పొటాషియం 3.5–5, మెగ్నీషియం 1.3–2.1, డిగాక్సిన్ 0.5–2, లిథియం 0.6–1.2. రక్తం గడ్డకట్టే టెస్టులు చూస్తే, వార్ఫరిన్‌కి ఐఎన్ఆర్ 2–3. హెపారిన్‌కి ఏపీటీటీ మామూలుకి ఒకటిన్నర నుంచి రెండున్నర రెట్లు.

ట్యూటర్_మేడమ్
ఈ విషయంలో మిర్చితో గొడవ లేదు. కానీ జతలుగా పట్టండి. డిగాక్సిన్ పక్కన పొటాషియం రాయండి, ఎందుకంటే పొటాషియం తగ్గితే మామూలు డోసు డిగాక్సిన్ కూడా విషమవుతుంది. పొటాషియంని మూత్రంలో పోగొట్టే ఫ్యూరోసెమైడ్ వాడే ముసలాయనకి వాంతులు, చుట్టూ పసుపుపచ్చగా కనబడుతోంది అంటే మూడూ ఒకే కథ. లిథియం పక్కన సోడియం రాయండి. ఎండాకాలం చెమటలు పట్టి ఉప్పు పోతే లిథియం ఒంట్లో నిలిచిపోతుంది, 1.5 దాటితే విషలక్షణాలు. ఒంటరి అంకె పరీక్ష హాల్లో గుర్తుకు రాదు.

లేబర్‌రూమ్_లత
జతల్లో నాదొకటి. మెగ్నీషియం సల్ఫేట్ పక్కన మోకాలి రిఫ్లెక్స్. ఎక్లాంప్సియా (గర్భిణికి బీపీ పెరిగి ఫిట్స్) కేసుల్లో మేము లోడింగ్ డోసు ఇచ్చాక ప్రతిసారీ మూడు చూస్తాం. రిఫ్లెక్స్ ఉందా, శ్వాస నిమిషానికి 12 తగ్గలేదా, మూత్రం గంటకి 30 మి.లీ. అయినా వస్తోందా. మొదట పోయేది రిఫ్లెక్స్, శ్వాస ఆగడం తర్వాత. అందుకే ట్రేలో సుత్తి, విరుగుడు కాల్షియం గ్లూకోనేట్ రెండూ ఉండాలి. జిల్లా ఆసుపత్రిలో చేసినవాళ్ళకి ఈ ప్రశ్న మార్కు ఫ్రీ.

కడప_బ్రదర్
మా వార్డులో సుత్తి కనబడకపోతే స్టెతస్కోప్ అంచుతో కొట్టేవాళ్ళం. ఆ ఆప్షన్ ఎన్‌క్లెక్స్‌లో ఇవ్వరు పాపం.

సైలెంట్_రీడర్
ప్లేట్‌లెట్లు నాకు గందరగోళంగా ఉంటాయి. మనం లక్షన్నర, నలభై వేలు అంటాం. స్క్రీన్ మీద 150,000 అని కామా వేరేచోట పడేసరికి సున్నాలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటున్నా.

డాలస్_అక్క
అందరికీ అంతే. వాళ్ళ కామా మూడేసి అంకెలకి, మనది వెయ్యి తర్వాత రెండేసికి. అలాగే బరువు పౌండ్లలో ఇస్తే ముందు 2.2తో భాగించి కిలోలు చేసుకుని అప్పుడు లెక్కలోకి దిగు. 176 పౌండ్లంటే 80 కిలోలు. హెపారిన్ కిలోకి గంటకి 18 యూనిట్లంటే 1,440. బ్యాగులో 250 మి.లీ.కి 25,000 యూనిట్లుంటే ఒక మి.లీ.కి 100. కాబట్టి పంపు గంటకి 14.4 మి.లీ. ఎన్ని దశాంశాలకి రౌండ్ చేయాలో ప్రశ్నలోనే చెబుతారు, ఆఖర్న ఒక్కసారే చేయాలి, మధ్యలో కాదు. మందుల పేర్లు కూడా, సాల్బుటమాల్ అక్కడ ఆల్బుటెరాల్, పారాసెటమాల్ అసిటమినోఫెన్, పెథిడిన్ మెపెరిడిన్. బ్రాండు పేర్లతో బతికిన మనకి జెనెరిక్ అలవాటు కావడానికి కొంచెం టైమ్ పడుతుంది.

ఐసీయూ_నైట్‌షిఫ్ట్
ఎవరిని ముందు చూడాలి అనే రకంలో కూడా ఘోరంగా పోతున్నాయి.

ట్యూటర్_మేడమ్
అయితే ఇది చేయండి. హ్యాండోవర్ అయింది, నలుగురు పేషెంట్లు.
ఒకరు: సీఓపీడీ (దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు), ఆక్సిజన్ శాచురేషన్ 89, బాత్రూమ్‌కి వెళ్ళొచ్చి కొంచెం ఆయాసపడుతున్నాడు.
ఇంకొకరు: నిన్న థైరాయిడ్ తీసేశారు, పెదవుల చుట్టూ తిమ్మిరిగా ఉందంటోంది.
మరొకరు: న్యుమోనియా, జ్వరం 38.6, అరగంటలో యాంటీబయాటిక్ ఉంది.
చివరి వ్యక్తి: తుంటి ఆపరేషన్ అయి రెండో రోజు, నొప్పి పదికి 8.

వరంగల్_పిల్ల
సీఓపీడీ. 89 అంటే బ్రీతింగ్ కదా, ఏబీసీ (ఎయిర్‌వే, బ్రీతింగ్, సర్క్యులేషన్) వరుస.

కడప_బ్రదర్
నాదీ అదే. తిమ్మిరికి ఎవరైనా చస్తారా?

లేబర్‌రూమ్_లత
చస్తారు బ్రదర్. థైరాయిడ్.

గుంటూరు_మిర్చి
ఈసారి నేనూ థైరాయిడే. ఒకవేళ తప్పైతే ఎవరూ గుర్తుపెట్టుకోవద్దు.

ట్యూటర్_మేడమ్
థైరాయిడే. ఆపరేషన్‌లో పారాథైరాయిడ్ గ్రంథులు దెబ్బతిన్నా, పొరపాటున పోయినా కాల్షియం పడిపోతుంది. పెదవుల తిమ్మిరి దాని మొదటి కబురు. తర్వాత కండరాలు బిగుసుకోవడం, స్వరపేటిక బిగుసుకుంటే గాలి దారే మూసుకుపోతుంది. అంటే ఇది కూడా ఏబీసీలోని ఏనే, ఇంకా జరగని ఏ. ఛ్వాస్టెక్, ట్రూసో (కాల్షియం తగ్గిందేమో చూసే పరీక్షలు) చూస్తారు. బెడ్ దగ్గర ట్రాకియాస్టమీ సెట్టు, కాల్షియం గ్లూకోనేట్ ఉండాలనేది అందుకే.

సీఓపీడీ ఆయనకి 88 నుంచి 92 మనం కోరుకునేదే. నడిచొస్తే ఆయాసం ఆ జబ్బులో ఉండేదే. న్యుమోనియాకి జ్వరం కూడా అంతే. ఆ జబ్బుకి మామూలుగా ఉండేది వెనక్కి, ఊహించనిది ముందుకి. నొప్పి 8 అంటే తొందరగా వెళ్ళాలి, కానీ థైరాయిడ్ ఆవిడని చూశాకే.

వరంగల్_పిల్ల
అంకె చూసి పరిగెత్తించారు మేడమ్ నన్ను.

పేరు_తర్వాత_చెప్తా
ఎల్‌పీఎన్ (ఆర్ఎన్ కింద పనిచేసే నర్సు), యూఏపీ (లైసెన్సు లేని సహాయకులు) అని పని పంచే ప్రశ్నలుంటాయంట కదా. మన దగ్గర ఎల్‌పీఎన్ అనే ఉద్యోగమే లేదు.

డాలస్_అక్క
లేదు కాబట్టే కష్టం. మన దగ్గర స్టాఫ్ నర్సు అన్నీ చేస్తుంది, మిగిలింది ఆయమ్మ, వార్డ్ బాయ్. పరీక్షలో గీత గీసినట్టు ఉంటుంది. మొదటి అసెస్‌మెంట్, పేషెంట్‌కి నేర్పడం, ఫలితం బేరీజు వేయడం ఆర్ఎన్ ఎవరికీ అప్పగించదు. నిలకడగా ఉన్న పేషెంట్‌కి మందులు, డ్రెస్సింగ్ ఎల్‌పీఎన్‌కి. స్నానం, తినిపించడం, నడిపించడం, మామూలు వైటల్స్ యూఏపీకి. కానీ మింగడం కష్టమైన స్ట్రోక్ పేషెంట్‌కి మొదటిసారి తినిపించడం యూఏపీకి ఇచ్చావంటే అయిపోయినట్టే. ఈ మేనేజ్‌మెంట్ ఆఫ్ కేర్ విభాగం ఒక్కటే 15 నుంచి 21 శాతం. మందులు 13 నుంచి 19. ఐసీయూ వాళ్ళు ఫిజియాలజీ మీద వాలిపోయి దీన్ని వదిలేస్తారు.

లేబర్‌రూమ్_లత
సైక్ (మానసిక ఆరోగ్యం) కూడా వదిలేస్తారు. ఏడుస్తున్న పేషెంట్ చెయ్యి పట్టుకుని ‘ఏం కాదులేమ్మా, దేవుడున్నాడు’ అంటాం కదా. పరీక్షలో అది తప్పు సమాధానం. ‘మీకు ఇప్పుడు అన్నిటికంటే భయంగా ఉన్నది దేని గురించి?’ లాంటిది ఒప్పు. ‘ఎందుకలా అనుకుంటున్నారు?’ అని నిలదీసేది కూడా తప్పే.

కడప_బ్రదర్
నాకిది నచ్చదు. మన పేషెంట్లకి ఆ మాటే ధైర్యం. అమెరికా పద్ధతి అమెరికాలో పెట్టుకోనీ.

లేబర్‌రూమ్_లత
పరీక్ష కూడా అమెరికాదే కదా బ్రదర్. సరే అది పక్కన పెట్టు. నువ్వు ‘ఏం కాదు’ అన్నాక ఆవిడ ఇంకేమైనా చెబుతుందా? చెప్పదు, కళ్ళు తుడుచుకుంటుంది, అంతే. బిడ్డ కడుపులోనే పోయిన తల్లులు మా దగ్గరుంటారు. ‘ఏం కాదు’ అనడానికి ఏం మిగిలింది? పక్కన కూర్చుని బిడ్డకి ఏం పేరు అనుకున్నారు అని అడిగితే అప్పుడు మాట్లాడతారు. మా వార్డులో అదే పనిచేసింది.

కడప_బ్రదర్
...సరే అక్కా.

డాలస్_అక్క
ఇంకోటి కలుపుతా. మన దగ్గర కొడుకు పక్కకి పిలిచి ‘నాన్నకి క్యాన్సర్ అని చెప్పొద్దు సిస్టర్’ అంటాడు, మనం తలూపుతాం. అక్కడ తెలుసుకునే హక్కు పేషెంట్‌ది. ఆయన ఒప్పుకోకుండా కొడుక్కి చెప్పడమే తప్పు. ఆత్మహత్య ఆలోచన ఉందనిపిస్తే నేరుగా అడగాలి, అడిగితే ఐడియా ఇచ్చినట్టు అవుతుందనేది అపోహ. వారాలుగా కుంగిపోయిన మనిషి హఠాత్తుగా హుషారైతే సంతోషించకూడదు, కాపలా పెంచాలి.

సైలెంట్_రీడర్
ఐసొలేషన్ తేలిగ్గా గుర్తుండే దారి ఉందా?

వరంగల్_పిల్ల
ఇది నేను చెప్తా, కొవిడ్ వార్డులో చేశా. గాలిలో పోయేవి టీబీ, తట్టు, ఆటలమ్మ. ఎన్95, నెగటివ్ ప్రెషర్ గది. తుంపరలవి ఇన్‌ఫ్లుయెంజా, కోరింత దగ్గు, మెనింగోకోకల్ మెనింజైటిస్. వాటికి మామూలు సర్జికల్ మాస్క్. సీ డిఫ్ (విరేచనాలు తెచ్చే బ్యాక్టీరియా) తాకుడుది, దానికి శానిటైజర్ పనిచేయదు, సబ్బు నీళ్ళే. స్పోర్లు ఆల్కహాల్‌కి చావవు. విప్పేటప్పుడు గ్లవ్స్ ముందు, మాస్క్ చివర, అదీ గది బయటికొచ్చాక. ఆ సూట్లు విప్పడం కలలో కూడా చేయగలను.

గుంటూరు_మిర్చి
ఆటలమ్మ ఉన్న పేషెంట్‌కి గర్భిణీ నర్సుని వేయొచ్చా అనే ప్రశ్న తప్పకుండా చూసుకోండి. ఇమ్యూనిటీ లేకపోతే వేయకూడదు.

ఐసీయూ_నైట్‌షిఫ్ట్
అందరికీ థాంక్స్. ఇప్పుడు అనుకుంటున్నది ఇది. గుండె, ఊపిరితిత్తులు, ఏబీజీ (రక్తంలో ఆక్సిజన్, ఆసిడ్ చూసే టెస్టు) మళ్ళీ చదవను, వాటిలో ప్రశ్నలు మాత్రమే చేస్తా. ప్రసూతి, పిల్లలు, సైక్, డెలిగేషన్ (పని పంచడం) పుస్తకంలోంచి చదువుతా. ల్యాబులు జతలుగా. రోజుకి 30 ప్రశ్నలు వివరణలతో. మిర్చి అన్నా, సెలవు రోజున నీ 75.

గుంటూరు_మిర్చి
సెలవు రోజుకైనా పెట్టావు, చాలు.

ట్యూటర్_మేడమ్
పరీక్షకి ముందు ఒక్కసారైనా 5 గంటలు కదలకుండా కూర్చుని 150 చేసి చూడు. సబ్జెక్టు ఉన్నా వందో ప్రశ్న దగ్గర చదవకుండానే నొక్కేస్తారు చాలామంది. నైట్ డ్యూటీ దిగి నేరుగా సెంటర్‌కి వెళ్ళే పని మాత్రం పెట్టుకోకు.

సైలెంట్_రీడర్
ఫెయిలైతే మళ్ళీ ఎప్పుడు రాయొచ్చు?

డాలస్_అక్క
45 రోజుల తర్వాత. ఏ సబ్జెక్టులో గీతకి కింద ఉన్నావో రిపోర్టు కూడా ఇస్తారు, దాన్ని పట్టుకుని చదవొచ్చు. పాసయ్యాక వీసాస్క్రీన్ (వీసా కోసం నర్సు అర్హతల సర్టిఫికేట్), ఇంగ్లీషు పరీక్ష, గ్రీన్‌కార్డ్ డేట్ల కోసం ఎదురుచూపు, ఆ ఏడుపు వేరే థ్రెడ్‌లో ఏడుద్దాం.

కడప_బ్రదర్
ఒక డౌట్, నిన్న టెస్టులో వచ్చింది. చెస్ట్ ట్యూబ్ పేషెంట్‌ని స్కాన్‌కి తీసుకెళ్తుంటే డ్రైనేజ్ బాటిల్ పడి పగిలింది. క్లాంప్ చేయడమా?

ఐసీయూ_నైట్‌షిఫ్ట్
క్లాంప్ చేసి వదిలేస్తే లోపలి గాలికి దారి ఉండదు, టెన్షన్ న్యుమోథొరాక్స్ (ఛాతీలో గాలి పేరుకుని ఊపిరితిత్తిని, గుండెని నొక్కేయడం) అవుతుంది. ట్యూబ్ చివర స్టెరైల్ వాటర్ బాటిల్లో రెండు సెంటీమీటర్లు ముంచి పట్టుకో, అదే తాత్కాలిక వాటర్ సీల్. తర్వాత కొత్త సిస్టమ్.

కడప_బ్రదర్
లిఫ్టులో స్టెరైల్ వాటర్ ఎక్కడిది?

ఐసీయూ_నైట్‌షిఫ్ట్
ట్రాలీ మీద పెట్టుకుని బయలుదేరాలి బ్రదర్. మా దగ్గర ట్రాన్స్‌ఫర్ చెక్‌లిస్టులో ఉంది.

లేబర్‌రూమ్_లత
ట్యూబ్ మొత్తం ఊడి వచ్చేస్తే?

ఐసీయూ_నైట్‌షిఫ్ట్
చేతికి అందిన స్టెరైల్ డ్రెస్సింగ్‌తో రంధ్రం మూసి మూడు వైపులే టేప్. నాలుగో వైపు వదిలితే లోపలి గాలి బయటికి పోతుంది. తర్వాత డాక్టర్‌కి ఫోన్ 🙂